నక్షత్రాల పటంలో మా వాటా

మాది హనుమాన్ జంక్షన్ అంటే 'అసలు ఎక్కణ్ణించొచ్చారు?' అని మళ్లీ అడుగుతారు. సైన్సుతో మీకేం పని అనీ అంటారు.

చరిత్ర విప్పుదాం. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరొచ్చాడు, మద్రాసు నుంచి పోగ్సన్ మా బందరొచ్చాడు. హీలియం జాడకు అదే మొదలు. 1887లో పారిస్‌లో, ఆకాశమంతటికీ కలిసి పటం గీయాలని దేశదేశాల శాస్త్రజ్ఞులు ఒప్పుకున్నారు. చిలీ వదిలేసిన భాగాన్ని హైదరాబాదు నెత్తికెత్తుకుంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో పెట్టిన నిజామియా అబ్జర్వేటరీలో చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్ వరసగా పనిచేసి 7 లక్షలకు పైగా నక్షత్రాలను లెక్కకెక్కించారు. ముస్లిం డబ్బు, తెల్లవాళ్ల శ్రమ, హిందువుల శ్రమ కలిసిన పని అది. జనం నోట మాత్రం నవాబంటే జనానాయే.

అలాగని మేం నవాబుల వారసులం కాం. పంక్చర్లేసుకు బతికేవాళ్లం. మాకు కావలసింది ఆ గొప్ప కాదు, మా పిల్లల్ని టెలిస్కోపు దాకా నడిపించే చదువు.