ఇరుసు, ధురా, యాక్సిల్: చేతుల్లో మిగిలిన తవారీఖ్

తెలుగులో ఇరుసు, ఉర్దూలో ధురా, మెకానిక్ షెడ్డులో యాక్సిల్. జబాన్ ఏదైనా చక్రాల బరువు దాని మీదే. హైదరాబాద్ మోటార్ల తవారీఖ్ చెప్పమంటే మనవాళ్లు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ దగ్గర మొదలుపెడతారు. 1911లో ఆయన ఇంతకాల్ అయ్యాకే ఆ కారు వచ్చింది. తర్వాత కూడా తిరిగింది తక్కువే. తిరగని బండికి ఇరుసు అరిగేదెప్పుడు? అసలు తవారీఖ్ రోజూ తిరిగిన బండ్లది, వాటిని తిప్పిన చేతులది.

1932లో నిజాం స్టేట్ రైల్వే కింద 27 బస్సులతో, 166 మంది ములాజిమ్‌లతో రోడ్డు రవాణా శాఖ మొదలైంది. అవి స్కాట్లాండ్‌లో తయారైన ఆల్బియన్ బస్సులు. సామాను సముద్రం దాటి రావాల్సిన ఆ జమానాలో పాతదాన్ని బాగుచేసుకోవడమే హునర్.

1957 తర్వాత అంబాసిడర్ వచ్చింది. ఇంజన్ ముందు, నడిపించే బలం వెనుక చక్రాలకు. అంటే వెనుక యాక్సిల్ బరువూ మోయాలి, చక్రాన్నీ తిప్పాలి. అది విరిగితే బండి అక్కడే ఆగేది. ఇంటి సహన్‌లోనే పని జరిగేది. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. జాకీతో లేపాక కింద గట్టి దిమ్మెలు పెట్టాలి, ఎందుకంటే ఉత్త జాకీని నమ్మి బండి కిందికి దూరితే జాన్‌కే ఖత్రా. చక్రం, బ్రేక్ డ్రమ్ము విప్పి షాఫ్టు పక్కకు లాగాలి. కొత్త షాఫ్టు పొడవు, పళ్లు పాతదానితో సరిచూడాలి. ఆయిల్ సీల్ సరిగ్గా కూర్చోకపోతే నూనె బ్రేకుల మీదికి కారుతుంది, బ్రేకు పట్టదు. ఈ ఇల్మ్‌కు కితాబ్ లేదు. ఉస్తాద్ చెయ్యి చూసి శాగిర్ద్ నేర్చుకున్నాడు, పానా అందిస్తూ, గ్రీజు తుడుస్తూ.

1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చింది. ఇంజన్ బలం ముందు చక్రాలకే కాబట్టి వెనుక తిప్పే షాఫ్టు లేదు. అలాంటి కార్లు పెరిగేకొద్దీ ఆ పని తగ్గింది. 2014లో అంబాసిడర్ తయారీ కూడా ఆగింది.

ఇవాళ మణికొండలో సహన్ లేదు, అపార్ట్‌మెంట్ సెల్లార్ ఉంది. దాదా పానాతో బతికిన ఇంట్లో పోతా ఐటీ కొలువు చేస్తున్నాడు. అది తరక్కీయే, ముబారక్! కానీ దాదాను “ఉత్త మెకానిక్” అని ఒక్క మాటతో దాటేయడం ఇన్సాఫ్ కాదు. పైపు గొంతులో తిరిగే ఉక్కు కడ్డీ ఎక్కడ అరుగుతోందో చప్పుడు విని పట్టేయడం ఇంజనీరింగ్ కాక మరేమిటి? డిగ్రీ కాగితం లేదు, అంతే తేడా.

నవాబుల కార్ల మీద కితాబులు వచ్చాయి. ఉస్తాద్‌ల పేర్లు ఏ రికార్డులో ఉన్నాయి? మీ ఇంట్లో అలాంటి బుజుర్గ్ ఉంటే ఈ జుమా రోజు పక్కన కూర్చోండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ బండ్లు విప్పారో అడిగి రాసిపెట్టండి. ఆ చేతులు ఖామోష్ అయ్యాక అడగడానికి ఎవరూ ఉండరు.