సైకిలెక్కిన హార్మోనియం

చరిత్ర పుస్తకాలలో రాజులు ఏనుగులెక్కుతారు, సైన్యాలు గుర్రాలెక్కుతాయి. మన మొరసునాటి పల్లెల్లో తెలుగు పద్యం చాలాకాలం సైకిలెక్కి తిరిగింది. ఆ సైకిలు వెనుక బొంతలో చుట్టి కట్టిన చెక్కపెట్టెకు కూడా ఒక చరిత్ర ఉంది. దాన్ని పగలకుండా, శ్రుతి చెడకుండా ఊరు దాటించడం ఒక విద్య. ఆ విద్య లేకపోతే ఈ ప్రాంతంలో ఎన్నో నాటకాలు రంగమెక్కేవి కావు.

హోసూరు నుంచి తళికి పోయే దారిలో ఉంది మత్తిగిరి. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళ సైన్యానికి గుర్రాలను సాకిన చోటు, తర్వాత పశువుల ఫారం. ఇప్పుడు 2019లో ఏర్పడిన హోసూరు కార్పొరేషనులో భాగం. ఇటు కెలమంగలం, డెంకణికోట, తళి, అంచెట్టి. అటు బాగలూరు, బేరికె, శూలగిరి. ఒకే వీధిలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినబడే ఊళ్ళివి. మొరప్పూరు నుంచి ధర్మపురికి 1906లో వేసిన చిన్న రైలుదారిని 1913లో హోసూరు దాకా పొడిగించారు. 1941లో యుద్ధం పేరుతో దాన్ని ఎత్తివేశారు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా ఈ సీమకు రైలు లేదు. పల్లెకూ పల్లెకూ మధ్య ఎద్దులబండి, కాలినడక, ఉన్నవాళ్ళకు సైకిలు. అంతే.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి సమాజాలకు నాటకమే బతుకు. తెరలు, దీపాలు, వాద్యాలు, సంసారం అన్నీ కలిపి తరలించుకుంటూ వాళ్ళు ఊళ్ళు తిరిగేవారు. మన పల్లెల నాటకం అలాంటిది కాదు. పగలు మడకపట్టే రైతు రాత్రికి కృష్ణుడు, కుమ్మరి అర్జునుడు, బడిపంతులు ధర్మరాజు. అది వాళ్ళకు కూడు పెట్టే పని కాదు, సరదా. పాటపాడే గొంతులు ఊళ్ళోనే ఉంటాయి. శ్రుతి పట్టుకోవడానికి మాత్రం ఒక మనిషి కావాలి, ఒక పెట్టె కావాలి. ఆ మనిషే హార్మోనియం మాస్టరు. కోతలయ్యాక ఒక్కో ఊళ్ళో వారానికి రెండు మూడు రాత్రులు కూర్చుని పద్యం నోటికి పట్టించేవాడు. తెలుగు అక్షరం రానివాళ్ళు తెలుగు పద్యాన్ని కన్నడ అక్షరాల్లో రాసుకునేవారు. ఏ అక్షరమూ రానివాళ్ళు చెవితోనే నేర్చుకునేవారు. ఆ చెవికి ఆధారం హార్మోనియమే.

ఆ పెట్టె మన దేశంలో పుట్టింది కాదు. పారిసులో డెబేన్ అనే ఆయన 1842లో హార్మోనియం మీద హక్కు రాయించుకున్నాడు. అది కుర్చీలో కూర్చుని కాళ్ళతో తొక్కి వాయించే పెద్ద వాద్యం. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో దాన్ని నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ, మరో చేత్తో వాయించే చిన్న పెట్టెగా మార్చాడు. కాళ్ళు, బల్ల పోయి బరువు తగ్గింది కాబట్టే అది తర్వాత సైకిలు ఎక్కగలిగింది. మన గమకాలు పలకవనే కారణంతో ఆలిండియా రేడియో 1940లో దాన్ని బహిష్కరించింది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. రేడియో గడప దాటనీయని ఆ పెట్టెనే మన పల్లెలు నెత్తిన పెట్టుకున్నాయి.

ఇక్కడ బళ్ళారిని తలచుకోవాలి. నాటకంలో పద్యాన్ని పాడించే పద్ధతికి పేరు తెచ్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్ళారిలో ఉండే తన చిత్రనళీయాన్ని 1887లో ఆడించారు. ఆ ఊరివాడే బళ్ళారి రాఘవ. వృత్తి వకీలు, ప్రాణం నాటకం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరులో కలిసింది. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మనం మదరాసు రాష్ట్రంలో ఉండిపోయాము. తెలుగు పద్యనాటకానికి పీట వేసిన ఊరే గీతకు బయట ఉన్నప్పుడు, గీతకు బయటివాళ్ళ తెలుగు చిన్నదని ఎవరూ అనలేరు.

ఇక పెట్టె సంగతి. చూడటానికి గట్టి చెక్క, లోపల అంతా సుకుమారం. ఇత్తడి పలక మీద సన్నటి ఇత్తడి నాలుక, దాని చుట్టూ వెంట్రుకంత సందు. గాలి ఆ సందులోంచి పోతేనే నాలుక ఆడి స్వరం పలుకుతుంది. ఒక ఇసుక రేణువు అందులో ఇరుక్కుంటే ఆ స్వరం మూగబోతుంది, లేదా గురకపెడుతుంది. తిత్తి మడతలు చిరిగితే గాలి నిలవదు. చెక్క అతుకులు వదిలినా అంతే. తడి తగిలితే మెట్లు ఉబ్బి నొక్కినవి నొక్కినట్టే ఉండిపోతాయి. బరువు పది కిలోలకు అటూ ఇటూ. ఇంతటి సున్నితాన్ని రాళ్ళ దారిలో తీసుకుపోవాలి.

ఇనుప పట్టాల ఎద్దులబండి దీనికి పనికిరాదు. ప్రతి రాయీ పెట్టెలోకే కొడుతుంది. సైకిలు మేలు కావడానికి కారణం దాని చక్రంలోని గాలి. 1888లో బెల్‌ఫాస్టులో గాలి టైరు చేసిన డన్‌లప్ పశువుల డాక్టరు. పశువుల ఫారం ఉన్న మత్తిగిరికి ఆయనతో అంతపాటి చుట్టరికం ఉంది. 1949లో మదరాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ కంపెనీ మొదలై హెర్క్యులిస్ సైకిళ్ళు మనకు చేరువయ్యాయి. ఇరవైఎనిమిది అంగుళాల చక్రాలు చిన్న గుంటలను పట్టించుకోకుండా దాటేవి. సొంత సైకిలు లేనివాళ్ళకు అద్దె సైకిళ్ళ అంగళ్ళు ఉండేవి.

సైకిలు చేతికొస్తే సరిపోదు, కట్టడం తెలియాలి. ముందు తిత్తిని మూసి కొక్కీ తగిలించాలి. స్టాపర్లన్నీ లోపలికి నెట్టాలి. మెట్ల మీద మడతపెట్టిన పాత పంచె పరిచి మూత వేస్తే దారిలో అవి ఎగిరిపడవు. పెట్టెను బొంతలో చుట్టి గోనెసంచిలో దించాలి. క్యారియరు సరిగ్గా వెనుక ఇరుసు మీద ఉంటుంది కనుక చక్రానికి తగిలే దెబ్బ నేరుగా పైకి వస్తుంది. అందుకే దానిమీద వరిగడ్డి నింపిన సంచిని దిండులా వేయాలి. పెట్టెను పడుకోబెట్టాలి, మెట్లు పైకి ఉండాలి. క్యారియరు స్ప్రింగు క్లిప్పును పెట్టె మీద బిగిస్తే చెక్క నొక్కుకుపోతుంది. దాన్ని వెనక్కి మడిచి వదిలేయాలి.

కట్టే తాడులోనే అసలు రహస్యం. కొబ్బరితాడు బిగిస్తే అతుకులు విడతాయి, వదులుగా కడితే నాలుగు గుంటలకే జారిపోతుంది. పాత సైకిలు ట్యూబును నిలువుగా కోసిన పట్టీలు రెండు అడ్డంగా, ఒకటి నిలువుగా కడితే అవి సాగుతూ కూడా పట్టు వదలవు. టైరులో గాలి రాయిలా గట్టిగా ఉండకూడదు, కొంచెం మెత్తగా ఉండాలి. గుంట వచ్చినప్పుడు సీటు మీదినుంచి లేస్తే తొక్కేవాడికి సుఖం గానీ పెట్టెకు కాదు. దిగి నడిపించుకు పోవడమే మంచిది. పైగా పెట్టెకు ఎక్కువ ప్రమాదం దారిలో కాదు, ఆగినచోట. ఒంటికాలు స్టాండు మీద నిలిపి టీ తాగడానికి పోతే వెనుక బరువుకు సైకిలు ఒరిగిపోతుంది. చెట్టుకో గోడకో ఆనించి, పెట్టె విప్పి దించుకున్నాకే టీ.

వానకు మైనపుగుడ్డ, తర్వాతి కాలంలో ప్లాస్టిక్ కాగితం. ఈ ఎత్తు నేలలో మార్గశిర పుష్యాల చలి తక్కువది కాదు. మంచులో వచ్చిన పెట్టెను జనంతో వెచ్చగా ఉన్న ఇంట్లో వెంటనే తెరిస్తే లోపలి ఇత్తడికి చెమ్మ పడుతుంది. కాసేపు మూతపెట్టే ఉంచాలి. ఆ వ్యవధిలో ఊరివాళ్ళు కాఫీ ఇచ్చేవారు, మాస్టరు పోయినవారం పద్యం అప్పజెప్పించుకునేవాడు.

నాటకం రాత్రి ఇంకొక సున్నితమైన సరుకు వచ్చేది, పెట్రోమాక్సు. దాని మాంటిల్‌ను 1885లో ఆస్ట్రియా దేశపు ఆవర్ కనిపెట్టాడు. కొత్తగా ఉన్నంతవరకు అది నూలుగుడ్డ. ఒక్కసారి మండిందా, మిగిలేది బూడిద అల్లిక మాత్రమే. ఆ బూడిదే తెల్లటి వెలుగు ఇస్తుంది, ఒక్క కుదుపుకు రాలిపోతుంది. కనుక వెలిగించిన మాంటిల్‌తో దీపాన్ని సైకిలు మీద తేకూడదు. కిరసనాయిలు ఒంపేసి, గాజుగొట్టం తీసి గడ్డిలో చుట్టి, కొత్త మాంటిళ్ళు చొక్కా జేబులో పెట్టుకుని రావాలి. మనిషి ఒళ్ళు క్యారియరు కన్నా మంచి స్ప్రింగు. అది చాలా చిన్న సూత్రం, కానీ తెల్లవార్లూ భారతం వెలుగులో సాగడానికి అదే దిక్కు.

1980లో హోసూరులోనే టీవీఎస్ 50 తయారై రోడ్డుకెక్కింది. మాస్టరు తొక్కే శ్రమ తగ్గింది. క్యాసెట్లు వచ్చి, పద్యం నేర్చుకోవడానికి మనిషి రావలసిన పని కూడా తగ్గింది. తర్వాత కరెంటు కీబోర్డులు వచ్చాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. అయితే క్యాసెట్టు పాడి వినిపిస్తుంది, నీ పద్యంలో తప్పిన అక్షరాన్ని పట్టుకోదు. వత్తు పలకని రైతు నోట వత్తు పలికించినవాడు వారం వారం సైకిలు తొక్కివచ్చిన మనిషి. 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. తమిళం మన పిల్లలకు రావలసిందే, అది ఈ నేల భాష. దాని పక్కన తెలుగుకు బడిలో చోటు చిక్కబట్టినప్పుడు, బడి బయట తెలుగును చెవికి చేర్చే దారులు మరింత విలువైనవి అవుతాయి. అలాంటి ఒక దారి మనకు ఉండేది. దానికి ఏ సర్కారు ఉత్తర్వూ అక్కరలేకపోయింది. ఒక పెట్టె, ఒక బొంత, మూడు ట్యూబు పట్టీలు, తొక్కే ఓపిక చాలాయి.

మన అటకల మీద ఇంకా కొన్ని హార్మోనియాలు ఉన్నాయి. గాలి పోతున్న తిత్తికి కొత్త గుడ్డ వేయించవచ్చు, మూగబోయిన రీడును మెత్తటి కుంచెతో దులిపితే చాలాసార్లు మళ్ళీ పలుకుతుంది. వాటిని పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. వాటితోపాటు కన్నడ అక్షరాల్లో రాసిన తెలుగు పద్యాల నోటుబుక్కులు దొరికితే అవి ఇంకా విలువైనవి. వాటిని చదివి పాడగలిగిన ముసలివాళ్ళు ఉండగానే పక్కన కూర్చుని తెలుగులోకి ఎత్తి రాసుకోవాలి. ఇత్తడి నాలుక ఎన్నేళ్ళైనా ఆగుతుంది, మనిషి నాలుక ఆగదు.