బొమ్మ రైలుకి మనుషులు కావలెను

లక్కపిడతలు ఆడపిల్లలకి, రైలింజన్లు మగపిల్లలకి. మన ఇళ్ళలో ఈ పంపకం ఎవరు చేశారో తెలీదు గానీ, గట్టిగానే చేశారు. తమాషా ఏమిటంటే, రైలు బొమ్మల చరిత్రలో వెనక్కి వెళ్తే మనకి ఎదురయ్యేది బొమ్మరింటి వంటిల్లే!

1859లో జర్మనీలోని గోపింగెన్ ఊళ్ళో తియోడోర్ మెర్క్‌లిన్ అనే రేకుపనివాడు చిన్న వ్యాపారం మొదలుపెట్టాడు. చేసింది రైళ్ళు కాదు, బొమ్మరిళ్ళ కోసం బుల్లి బుల్లి వంటింటి సామాను. చేసేది ఆయన, ఊళ్ళు తిరిగి అమ్మేది ఆయన భార్య కరోలినె. దక్షిణ జర్మనీ, స్విట్జర్లాండ్ దాకా వెళ్ళేదట. ఆడది ఒంటరిగా ప్రయాణం చేసి బేరాలు మాట్లాడటం అరుదైన కాలం అది. 1866లో భర్త పోయాడు. పిల్లలు చిన్నవాళ్ళు. తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకుంది, ఆ రెండో భర్త కూడా ఆమె కళ్ళముందే పోయాడు. అయినా 1888లో కొడుకుల చేతికి అందేదాకా ఆ వ్యాపారం మూతపడలేదు.

మరో మూడేళ్ళకి, 1891లో, ఆ కొడుకులు లైప్‌జిగ్ సంతలో కీ ఇస్తే పట్టాల మీద నడిచే రైలు పెట్టారు. పట్టాల వెడల్పులకి నంబర్లు కూడా ఇచ్చారు. అందులో ఒకటో నంబరు గేజ్ వెడల్పు 45 మిల్లీమీటర్లు. ఈ 45ని గుర్తుపెట్టుకోండి, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

అమెరికాలో ఉన్న మా మరిది పెరట్లో పెద్ద సైజు బొమ్మ రైలు వేసుకున్నాడు. స్టేషనుంది, సిగ్నలుంది, ప్లాట్‌ఫారం మీద మాత్రం పురుగు లేదు. "వదినా, సరైన మనుషులు దొరకడం లేదు" అని ఫోన్లో ఒకటే గోల. అంత కష్టమేమిటా అని చదవడం మొదలుపెడితే నాకు అర్థమైంది ఇదీ.

యూరప్‌లో మామూలు రైలు పట్టాల మధ్య వెడల్పు 1435 మిల్లీమీటర్లు. దాన్ని 32వ వంతుకి తగ్గిస్తే 45 వస్తుంది. 1968లో జర్మనీకే చెందిన లేమన్ కంపెనీ ఎల్‌జీబీ పేరుతో తోటల్లో నడిచే రైళ్ళు తెచ్చింది. అవి మీటర్ గేజ్ రైళ్ళకి నమూనాలు. కాచిగూడలో మీటర్ గేజ్ బండి ఎక్కినవాళ్ళకి ఆ ఇరుకు పెట్టెలు గుర్తుండే ఉంటాయి. మీటరు వెడల్పుని ఇరవై రెండున్నర వంతులు తగ్గిస్తే చాలు, అదే 45!

అంటే పట్టాలు ఒకటే, మనుషులు మాత్రం వేరు. అయిదడుగుల మూడంగుళాల ఆవిడ మొదటి రైలు పక్కన 5 సెంటీమీటర్లు ఉండాలి, రెండో దాని పక్కన 7. పట్టాలు సరిపోయాయి కదా అని మనుషుల్ని కొంటే, పెట్టె తలుపులో పట్టని ప్రయాణికులు వస్తారు. బొమ్మల కొలువులో మనం సైజులు చూడం, రాములవారి పక్కన ఆయన కన్నా పొడుగు పోలీసు ఉన్నా సర్దుకుపోతాం. రైలు దగ్గర కళ్ళు ఒప్పుకోవు.

చిన్న రకానికి పాత రోజుల్లో దిగుల్లేదు. లండన్‌లోని బ్రిటన్స్ కంపెనీ 1893 నుంచి లోపల బోలుగా ఉండే సీసపు బొమ్మలు పోసింది. 54 మిల్లీమీటర్ల ఆ సిపాయిలు ఒకటో నంబరు రైలుకి సరిగ్గా సరిపోయేవారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జనానికి సిపాయిల మీద మొహం మొత్తి, పాలేర్లూ ఆవులూ కోళ్ళూ వచ్చాయి. వాటికి రంగులు వేసిన చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవే. (ఇప్పుడు ఎక్కడైనా దొరికితే పిల్లలకి మాత్రం ఇవ్వకండి, అది సీసం.) పెద్ద రకానికి జర్మనీలోని ప్రైజర్ కంపెనీ ఉంది. 1949 నుంచీ వాళ్ళ పని బుల్లి మనుషుల్ని చేయడమే. ధర మాత్రం బొమ్మల్లా చిన్నది కాదు.

అందుకే అనుభవమున్నవాళ్ళు ఇంకో దారి పట్టారు. బొమ్మరిళ్ళ సామాను అమ్మే కొట్లకి వెళ్తున్నారు! మామూలు బొమ్మరింటి మనుషులు 12వ వంతు, అంటే 13 సెంటీమీటర్లు, మరీ రాక్షసులు. కానీ 24వ వంతు రకం కూడా ఉంటుంది. మన అయిదడుగుల మూడంగుళాల ఆవిడ అందులో దాదాపు 6.7 సెంటీమీటర్లు వస్తుంది. ఎల్‌జీబీ పక్కన ఆ కాస్త తేడా తెలియదు. మా మరిదికీ అదే చెప్పాను: ముందు పెట్టె తలుపు ఎత్తు కొలువు, కొట్లో నంబరు కాదు, బొమ్మ ఎత్తు సెంటీమీటర్లలో అడుగు.

కరోలినె సంచీలో బుల్లి గిన్నెలు పెట్టుకుని ఊరూరా తిరగకపోతే, కొడుకులు రైలు పెట్టడానికి ఆ వ్యాపారమే మిగిలేది కాదు. ఇన్నేళ్ళ తర్వాత ఆ రైళ్ళవాళ్ళే మనుషుల కోసం బొమ్మరింటి గుమ్మం ముందు నిలబడ్డారు. ఈసారి మీ అమ్మాయి రైలు కావాలంటే "అది అన్నయ్యది" అనకండి. అది మొదటినుంచీ ఆమె వంటింట్లోంచి వచ్చిందే.