ఆకాశంలో నాకా

తార్నాకకి ఆ పేరెలా వచ్చిందని అడిగితే పాతవాళ్ళు ఒక కథ చెప్తారు. నిజాం కాలంలో ఇక్కడ తీగె కంచె వేసిన కాపలా చౌకీ ఒకటుండేదట. ఉర్దూలో తార్ అంటే తీగె, నాకా అంటే చెక్‌పోస్టు. అలా తార్‌నాకా. అందులో నిజమెంతో గానీ, ఆ మాట నాకు నచ్చుతుంది. నేల మీద నాకా కంటికి కనిపిస్తుంది: అడ్డంగా ఒక కర్ర, పక్కన పోలీసు, చెయ్యెత్తితే ఆగే లారీ. ఆకాశంలో నాకా అలా ఉండదు. అక్కడ ఆపేదీ పంపేదీ ఒక గొంతు.

నేను ఓయూలో చదువుకునే రోజుల్లో బేగంపేటలో దిగే విమానాలు ఉత్తరం వైపు, సికింద్రాబాద్ మీదుగా కిందికి జారుతూ కనిపించేవి. బేగంపేటది పాత చరిత్రే. 1945లో మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్ ఇక్కణ్ణించే డకోటాలు నడిపింది. 1953లో ప్రైవేటు విమాన కంపెనీలను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 2008 మార్చి 23న రాకపోకలు శంషాబాద్‌కి మారాయి, తార్నాక ఆకాశం నిశ్శబ్దమైంది. ఇప్పుడు ఇక్కడి కుర్రాళ్ళకి విమానం అంటే తలమీద మోత కాదు, ఫోన్‌లో బోర్డింగ్ పాస్.

తార్నాకలో మా వీధిలో రిటైరైన పైలట్ ఒకాయన ఉండేవారు. తుఫానంటే భయమా, ఇంజన్ ఆగిపోతుందేమోనని భయమా అని ఒకసారి అడిగాను. ఆయన నవ్వి, "అవి రెండూ నా కళ్ళముందే ఉంటాయి బాబూ. నేను చెప్పింది అవతలివాడు సరిగ్గా విన్నాడా, వాడు చెప్పింది నేను సరిగ్గా విన్నానా అన్నదే భయం" అన్నారు. అప్పుడది సాదా మాటలా అనిపించింది. తర్వాత చర్ఖీ దాద్రీ గురించి చదివాక దాని బరువు తెలిసింది.

1996 నవంబరు 12, సాయంత్రం ఆరున్నర దాటింది. సౌదీ అరేబియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747 ఢిల్లీలో లేచి దహ్రాన్ వైపు పైకెక్కుతోంది. 312 మంది ఉన్నారందులో. గల్ఫ్‌కి పనులకి పోయేవాళ్ళే చాలామంది. ఎదురుగా కజకిస్తాన్‌లోని షిమ్కెంట్ నుంచి 37 మందితో ఇల్యూషిన్-76 ఒకటి ఢిల్లీకి దిగుతోంది. ఢిల్లీ చుట్టూ ఆకాశంలో పెద్ద భాగం వైమానిక దళానిది. పౌర విమానాలకి మిగిలింది ఇరుకు సందు. వచ్చేవీ పోయేవీ అందులోనే.

కంట్రోలర్ తప్పు చెప్పలేదు. దిగేవాణ్ణి 15,000 అడుగుల దగ్గర, ఎక్కేవాణ్ణి 14,000 అడుగుల దగ్గర ఉండమన్నాడు. ఎదురుగా సౌదీ విమానం వస్తోందని కజక్ సిబ్బందికి హెచ్చరిక కూడా చేశాడు. మధ్యలో వెయ్యి అడుగుల ఖాళీ ఉంది కదా! కానీ కజక్ విమానం 15,000 దగ్గర ఆగలేదు, ఇంకా కిందికి దిగింది. కంట్రోలర్ ముందున్న రాడార్ విమానం ఎక్కడుందో చూపిస్తుంది, ఎంత ఎత్తులో ఉందో చూపదు. ఎత్తు తెలిసేది పైలట్ నోటి మాటతోనే. ఆ మాటనే ఆయన నమ్మాడు. కాసేపటికి తెర మీద రెండు చుక్కలూ మాయమయ్యాయి. 349 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఆకాశంలో విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో ఇప్పటికీ ఇదే అతి పెద్దది.

విచారణ జరిపిన జస్టిస్ ఆర్.సి. లహోటీ కమిషన్, కజక్ విమానం తనకిచ్చిన ఎత్తు దాటి దిగడమే కారణమని తేల్చింది. ఆ విమానంలో కంట్రోలర్‌తో ఇంగ్లీషులో మాట్లాడేది రేడియో ఆపరేటర్, నడిపేవాళ్ళు వేరు. విన్న చెవికీ తిప్పే చేతికీ మధ్య ఇంకొక మనిషి. మా వీధి పైలట్ గారి భయం సరిగ్గా ఆ సందులోనే ఉంది.

ఆ తర్వాత చాలా మారాయి. ఢిల్లీలో వచ్చే దారి, పోయే దారి వేరు చేశారు. ఎత్తు చూపే సెకండరీ రాడార్లు వచ్చాయి. ఎదుటి విమానాన్ని పసిగట్టి, ఎక్కమనో దిగమనో పైలట్‌కి చెప్పే పరికరం ఉండి తీరాలని భారతదేశం నిబంధన పెట్టింది. ఒక గొంతు చాలదని, రెండో గొంతుని కాక్‌పిట్‌లోనే పెట్టారన్నమాట.

అయితే రెండు గొంతులు రెండు రకాలుగా చెప్తే? 2002 జూలై 1 రాత్రి జర్మనీలోని యూబర్‌లింగెన్ దగ్గర అదే జరిగింది. రష్యన్ విమానంలోని పరికరం పైకెక్కమంది, జూరిక్ కంట్రోలర్ కిందికి దిగమన్నాడు. సిబ్బంది మనిషి మాట విన్నారు. అవతలి సరుకు విమానం తన పరికరం చెప్పినట్టే కిందికి దిగుతోంది. 71 మంది పోయారు, వాళ్ళలో ఎక్కువమంది పిల్లలు. ఆ రాత్రి కంట్రోలర్ ఒక్కడే రెండు తెరలు చూసుకుంటున్నాడు. పరికరానికీ మనిషికీ పేచీ వస్తే పరికరం మాటే వినాలన్న నియమం ఆ తర్వాతే గట్టిపడింది.

ఈ కథలో మన క్యాంపస్‌కీ ఒక పాత్ర ఉంది. ఓయూలో నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన, శిక్షణ విభాగం ఒకటుంది. నెర్టూ అంటారు. ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటోలు దిగేవాళ్ళలో ఎందరికి దాని పేరు తెలుసో! ఉపగ్రహం నుంచి వచ్చే జీపీఎస్ సంకేతం మన నెత్తిమీది అయనోస్ఫియర్ గుండా వచ్చేటప్పుడు ఆలస్యమవుతుంది. అయస్కాంత భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్న మన దేశంలో ఆ పొర మరీ అల్లరిది. పొద్దుగుంకాక ఇంకా ఎక్కువ. కారు దారి చూసుకోవడానికి పది మీటర్లు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, రన్‌వే వెతుక్కునే విమానానికి అలా కుదరదు. నెర్టూ వాళ్ళు ఏళ్ళ తరబడి ఈ అల్లరినే కొలిచారు.

ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన గగన్ వ్యవస్థకి అదే పెద్ద చిక్కు. నేల మీది కేంద్రాలు ఆ పొరని కొలిచి, జీపీఎస్ లెక్కని సరిదిద్ది, ఉపగ్రహం ద్వారా విమానానికి పంపుతాయి. గగన్‌కి 2013 డిసెంబరులో ఒక స్థాయి ధ్రువీకరణ, 2015 ఏప్రిల్‌లో పై స్థాయి ధ్రువీకరణ వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం ఒకటి రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో గగన్ సాయంతో దిగింది.

ఇక నిశ్చింతే అనుకునేలోపు కొత్త భయం. 2025 నవంబరులో ఢిల్లీ దగ్గర పైలట్లకి దొంగ జీపీఎస్ సంకేతాలు అందాయి. విమానం ఒకచోట ఉంటే తెర ఇంకోచోట ఉందంటుంది. గొంతుని నమ్మలేక రాడార్‌ని, రాడార్ చాలక పరికరాన్ని, చివరికి ఉపగ్రహాన్ని నమ్ముకున్నాం. అక్కడా అబద్ధం దూరింది. అదే నెలలో ఫ్లైట్ ప్లాన్ల సమాచారం చేరవేసే వ్యవస్థ ఢిల్లీలో మొరాయిస్తే కంట్రోలర్లు ఆ పనంతా చేత్తో చెయ్యాల్సొచ్చింది. 800కి పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. వ్యవస్థలు వెనకబడుతున్నాయని కంట్రోలర్ల సంఘం కొన్ని నెలల ముందే రాసింది.

నాకు అసలు ముఖ్యమనిపించేది ఇక్కడుంది. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ దగ్గర టీడబ్ల్యూఏ విమానమొకటి కొండని గుద్దుకుని 92 మంది చనిపోయారు. కంట్రోలర్ అన్న ఒక మాటకి పైలట్లు వేరే అర్థం తీసుకుని ముందే దిగిపోయారు. అంతకు ఆరు వారాల ముందు మరో కంపెనీ విమానం ఇదే చోట, ఇదే పొరపాటు చేసి త్రుటిలో తప్పించుకుంది. ఆ పైలట్లు తమ కంపెనీకి చెప్పారు, కంపెనీ తన పైలట్లని హెచ్చరించింది. ఆ హెచ్చరిక గోడ దాటి టీడబ్ల్యూఏకి చేరలేదు. అందుకే 1976లో నాసా చేతుల మీదుగా ఒక ఏర్పాటు మొదలైంది: పైలటైనా కంట్రోలరైనా తన పొరపాటునీ భయాన్నీ రాసి పంపొచ్చు, పేరు బయటికి రాదు. శిక్షించే అధికారం ఉన్న సంస్థకి కాకుండా, ఆ అధికారం లేని నాసాకి అప్పజెప్పడమే అందులోని తెలివి. దండించేవాడి దగ్గర ఎవరు నిజం చెప్తారు?

పైలట్ భయపడుతున్నాడంటే మనకి కంగారు పుడుతుంది. భయపడని పైలటే మంచివాడని సినిమాలు నేర్పాయి. కానీ ఈ చరిత్రంతా చదివితే నాకు తోచేది వేరు. కొత్త దారులూ, కొత్త రాడార్లూ చర్ఖీ దాద్రీ తర్వాతే వచ్చాయి. గట్టి నియమం యూబర్‌లింగెన్ తర్వాతే వచ్చింది. ప్రతి మెరుగుదల కిందా ఒక శవాల లెక్క ఉంది. ఆ లెక్క లేకుండా వచ్చే మార్గం ఒక్కటే: భయం చెప్పుకున్న రోజే దాన్ని వినడం. నేల మీది నాకాలో పోలీసు చెయ్యెత్తితే లారీ ఆగుతుంది. ఆకాశంలో మాత్రం కొన్నిసార్లు చెయ్యెత్తేది లోపల కూర్చున్నవాడు. ఆగి వినాల్సింది మనం.