గ్లూటెన్ వర్జనానంతర జీర్ణబాధలు

గోధుమ, బార్లీ, రై ధాన్యములలోని గ్లూటెనును వర్జించిన పిదపను సీలియాక్ రోగులను (గ్లూటెను వలన చిన్నప్రేగు లోపొర దెబ్బతినువారిని) వీడని అతిసారము, కడుపుబ్బరము, శూల మొదలగునవి ఇట్లు వ్యవహరింపబడును. గోధుమకును ఈ రోగమునకును గల సంబంధమును హాలండు వైద్యుడు విల్లెం డికె తన 1950 నాటి సిద్ధాంతవ్యాసమున నిరూపించెను. వరియన్నమును చోడి అంబలియు చిరపరిచితములైన శ్రీకాకుళ, విజయనగర జిల్లాలయందు ఈ పథ్యము సులభమనిపించును. కాని పులుసులో వేయు ఇంగువపొడిలో తరచు గోధుమపిండి కలిసియుండుటయు, గోధుమలాడిన మరలోనే చోళ్ళును ఆడించుటయు, బొంబాయిరవ్వ గోధుమరవ్వయేయని ఎరుగకపోవుటయు రోగిని తెలియకయే మరల బాధలపాలు చేయును. కావున మొదట వెదకవలసినది ఈ ప్రచ్ఛన్న గ్లూటెనునే. అది లేదని తేలినచో, పాలలోని లాక్టోజు జీర్ణము కాకుండుట, చిన్నప్రేగున సూక్ష్మజీవుల అతివృద్ధి, క్లోమరసలోపము మున్నగువానిని పరీక్షింపవలెను. పెద్దలలో ప్రేగు లోపొర మానుటకు ఏండ్లు పట్టవచ్చును గనుక, నిరాశచెంది పథ్యమును విడుచుట మిక్కిలి హానికరము. పథ్యమునకు ఏమాత్రము లొంగని రోగరూపము అరుదు.