యుటెరోఫెర్రిన్

పంది గర్భాశయ గ్రంథులు ప్రొజెస్టిరాన్ ప్రభావంతో స్రవించే ఊదారంగు ప్రోటీన్. ఇనుమును తల్లి నుంచి పిండానికి చేరుస్తుంది. పందిలో మాయ గర్భాశయ గోడను తొలుచుకుపోదు. తల్లీపిండాల రక్తాల మధ్య ఆరు కణజాల పొరలు అడ్డుంటాయి. ఆక్సిజన్ వీటిని దాటుతుంది గాని, పెద్ద ప్రోటీన్లకు వేరే దారి కావాలి. గ్రంథుల నోళ్లకు ఎదురుగా మాయపై ఏర్పడే ఏరియోలాలే ఆ దారి. ఎంతో నేర్పైన ఏర్పాటిది. అక్కడ పీల్చుకున్న యుటెరోఫెర్రిన్‌ను పిండం కాలేయం గ్రహిస్తుంది. ఇనుము అవసరమైన పిండం రక్తకణాలు మొదట సొనసంచిలో, తర్వాత ప్రధానంగా ఆ కాలేయంలోనే, చివరకు ఎముక మజ్జలో తయారవుతాయి. కొంత యుటెరోఫెర్రిన్ మూత్రపిండాల మీదుగా అల్లాంటోయిస్ అనే పిండపు సంచిలోని ద్రవంలోకి చేరి, ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్‌కు ఇనుమును అప్పగిస్తుంది.

అయినా పుట్టేనాటికి పందిపిల్లలో ఉండే ఇనుము సుమారు 50 మిల్లీగ్రాములే. రోజుకు 7 మిల్లీగ్రాములు అవసరం కాగా, తల్లిపాలలో దొరికేది దాదాపు 1 మిల్లీగ్రామే. అందుకే షెడ్లలో పెంచే పిల్లలకు తొలి రోజుల్లోనే ఇనుము ఇంజెక్షన్ వేయించాలి.