తల తిరగడం, సగం తల నొప్పి

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఎండాకాలంలో తరచూ వినబడే మాట: “తల తిరుగుతాంది, పైత్యం చేసినట్టుంది.” నిమ్మకాయ నీళ్లు తాగించి నీడన పడుకోబెడతారు. వడదెబ్బ లక్షణమైతే అది మంచి పనే. కానీ మళ్లీ మళ్లీ తల తిరుగుతూ, వెలుగూ చప్పుడూ భరించలేకపోతుంటే అది పైత్యం కాక మైగ్రేన్ కావచ్చు.

గ్రీకులో ‘హెమిక్రానియా’ అంటే సగం పుర్రె. అదే లాటిన్ మీదుగా ఫ్రెంచిలోకి వెళ్లి ‘మిగ్రేన్’ అయింది. మన ‘పార్శ్వపు నొప్పి’లో పార్శ్వమంటే పక్క. ఆయుర్వేదంలో దీని పేరు అర్ధావభేదకం. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం ఈ జబ్బు లక్షణాల్లో పోటు, నొప్పులతో పాటు ‘భ్రమ’నూ చేర్చింది. ఇక్కడ భ్రమ అంటే తిరుగుడే. భ్రమణంలో ఉన్నదీ అదే ధాతువు. ‘వర్టిగో’కు మూలమైన లాటిన్ క్రియకూ తిప్పడమనే అర్థం.

ఇలా తల తిరుగుడుతో వచ్చే మైగ్రేన్‌ను ఇప్పటి వైద్యులు వెస్టిబ్యులర్ మైగ్రేన్ అంటారు. 2012లో ఖరారైన ప్రమాణాల ప్రకారం తిరుగుడు 5 నిమిషాల నుంచి 72 గంటల దాకా ఉండవచ్చు. ఆ సమయంలో తలనొప్పి ఉండి తీరాలనేమీ లేదు. అందుకే దీన్ని గుర్తుపట్టడం కష్టం.

డాక్టరు దగ్గర “కండ్లు తిరుగుతాండాయి” అని ఊరుకోవద్దు. గది గిర్రున తిరిగిందా, కళ్లకు చీకట్లు కమ్మాయా, నడక తూలిందా విడమరిచి చెప్పాలి. ఎంతసేపు ఉందో, ఆ రోజు తిండీ నిద్రా ఎలా సాగాయో రాసుకుని వెళ్లాలి. మాట తడబడినా, ఒక చేయి పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.